అద్దంలో సరిగా కనిపించిన అక్షరాలు

మా మేనత్త పోయింది. పోయిన నెలలో ఓ పొద్దున ఆలేరు నుంచి అన్న ఫోన్ చేసి, "అత్తమ్మ ఇగ లేదు చెల్లె" అన్నాడు. నిద్రలోనే ప్రాణం పోయిందట. నల్లగొండలో ఏళ్ల తరబడి కాలేజీ పిల్లలకు చరిత్ర చెప్పి, రిటైరయ్యాక పుట్టింటి మగ్గాల చప్పుడు వింటూ ఆలేరులో ఉండిపోయింది. ఆమెను తలుచుకుంటే నాకు ఏడుపు కంటే గర్వమే ముందొస్తుంది. ఏం చేయను, ఆమె నేర్పిందే అది.

అత్తమ్మకు పాత నాణేలంటే ప్రాణం, అందులోనూ రోమన్ నాణేలు. మన నల్లగొండ, పాలమూరు మట్టిలో అవి దొరుకుతాయంటే నమ్మని వాళ్లతో పోట్లాటకు దిగేది. నాణెం చేతికిస్తే అందరిలా రాజు మొహం చూసేది కాదు, ముందు తిరగేసేది. చివరి కాలపు రోమన్ నాణేలకు వెనుకవైపు బొమ్మ కాళ్ల దగ్గర ఒక గీత, దాని కింద కొన్ని చిన్న అక్షరాలు ఉంటాయి. అది టంకశాల గుర్తు. ఆ నాణెం ఏ ఊళ్లో అచ్చయిందో అదే చెబుతుంది.

తిరగేసే అలవాటు ఆమెకు మగ్గాల ఇంట్లోంచి వచ్చింది. మా తాత ఏ బట్ట పట్టుకున్నా వెనుకపక్కే చూసేవాడట. "మొఖం అందరు చూస్తరు బిడ్డా, నేసినోని చెయ్యి ఎన్కపక్క కనవడ్తది" అనేవాడట. బస్సులో చిల్లర ఇచ్చినా అత్తమ్మ అంతే. నాణెం మీద వేసిన సంవత్సరం అంకెల కింద చుక్కో నక్షత్రమో ఉందా అని కళ్లద్దాలు పైకెత్తి వెతికేది. ఓసారి కండక్టర్ విసుక్కున్నాడు. "ఏందమ్మా, చెల్లదనా?"

"చెల్లుతది బిడ్డా. యాడ పుట్టిందో చూస్తున్న. నక్షత్రం ఉన్నది, మన హైదరాబాద్‌దే!"

నేను సిగ్గుతో కిటికీలోంచి బయటికి చూసేదాన్ని. ఇప్పుడు నేనూ అదే పని చేస్తున్నాను.

తెలంగాణ వచ్చిన కొత్తలో మక్తల్ దిక్కు ఒక రైతమ్మకు చెలకలో రోమన్ రాజు బొమ్మ ఉన్న బంగారు నాణెం దొరికింది. మెడలో వేసుకోవడానికి ఎప్పుడో ఎవరో దానికి రంధ్రం పొడిచారు. ఆమె దాన్ని సర్కారుకు అప్పజెప్పింది. అది మ్యూజియానికి చేరాక, గుర్తు చదవడానికి అత్తమ్మను పిలిచారు. తోడుగా నేను వెళ్లాను. రైతమ్మ కూడా ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది.

అక్కడి అధికారి అత్తమ్మ శిష్యుడే. "అసలుదైతే అద్దాల పెట్టెల పెడ్తం మేడం. కాకుంటే లోపల బీరువలకే" అన్నాడు.

"జర మంచిగ చూడమ్మా. ఊరంత అడుగుతాంది, మన నాణెం ఎప్పుడు పెడ్తరని" అంది రైతమ్మ.

అత్తమ్మ తిరగేసింది. భూతద్దం పెట్టి చాలాసేపు చూసింది. రోమన్ రాజధాని గుర్తున్న అసలు నాణెం మన నేలలో దొరికితే చూడాలని ఆమె ఎన్నాళ్లుగా ఆశపడిందో నాకు తెలుసు. సంచిలోంచి చిన్న చేతి అద్దం తీసింది. మొహం కడుక్కునేటప్పుడు బొట్టుబిళ్ల తీసి అంటించుకునే అద్దం. దాన్ని నాణెం పక్కన నిలబెట్టింది. నాణెం మీద ఉల్టాగా ఉన్న అక్షరాలు అద్దంలో సీదాగా కనిపించాయి. సి, ఓ, ఎన్, ఓ, బి. మొదటి మూడూ కాన్‌స్టాంటినోపుల్ నగరం పేరు, చివరి రెండూ మేలిమి బంగారమని.

"ఇది అక్కడిది కాదు. మన దిక్కే చేసిన్రు" అంది.

అధికారి మొహం వాడిపోయింది. చీటీ మీద 'నకిలీ' అని రాసుకున్నాడు. "అంటే నకిలీ అన్నట్టే గద మేడం."

రైతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అత్తమ్మకు కోపమొచ్చింది. "నకిలీ అనకు! అచ్చుల అక్షరం ఉల్టా చెక్కితేనే నాణెం మీద సీదా పడ్తది. బంగారం పని చేసే మన అవుసలాయనకు ఆ అక్షరాలు రావు. అసలు నాణెం ముందట పెట్టుకొని, ఉన్నదున్నట్టు చెక్కిండు, అందుకే ఉల్టా పడ్డయి. ఒక్క గీత తప్పలే. రాజు కండ్లు చూడు, మన బొమ్మల కండ్ల లెక్క పెద్దగ తీర్చిండు. అసలియి ఆ దేశంల మస్తున్నయి. మనోని చెయ్యి యాడ దొరుకుతది? పెట్టెల పెట్టు బిడ్డా, ఎన్కపక్క పైకి పెట్టు."

"మరి రాజు మొఖం కనవడదు గద?" అన్నాడు అధికారి.

"రాజు ఎవలకు గావాలె?"

రైతమ్మ కొంగు తీసేసింది. "అయితే మనోడే చేసిండా? గట్ల చెప్పు మరి. నేను ఊర్ల గదే చెప్త" అంది. అధికారి నవ్వి, చీటీ మీద 'నకిలీ' అన్న మాట కొట్టేసి, 'ఈ నేల మీద చేసినది' అని రాశాడు. వచ్చేటప్పుడు అద్దం మరిచిపోయావని నేనంటే, "మరువలే. అది లేకుంటే జనం ఎట్ల చదువుతరు?" అంది అత్తమ్మ.

అత్తమ్మ దినాలయ్యాక మ్యూజియానికి వెళ్లాను. నాణెం ఇంకా అలాగే ఉంది, రాజు మొహం కిందికి, గుర్తు పైకి. పక్కన నిలబెట్టిన చిన్న అద్దంలో ఆ ఐదు అక్షరాలు సీదాగా మెరుస్తున్నాయి. అద్దం మూలకు అత్తమ్మ అంటించిన ఎర్ర బొట్టుబిళ్ల అలాగే ఉంది. ఇన్నేళ్లలో దాన్ని ఎవరూ తీయలేదు.