ఇరవై రెండు తలలు

పొద్దున మా బస్సులో కొత్తగా చేరిన గైడమ్మాయి మైకు మీద వేలితో టకటకా కొట్టి, "ఇరవై రెండు మంది, సరిపోయింది మేడమ్" అంది. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ భయమే. యాదగిరి సార్ గుర్తొస్తారు. నగరం చూడవచ్చినవాళ్ళకు చార్మినార్, ఫిల్మ్‌నగర్, గోల్కొండ తిప్పి చూపించే పని నాకు నేర్పింది ఆయనే. మాదాపూర్‌లో రోజుకో అద్దాల మేడ లేస్తున్న కాలం అది. పిల్లలు కంప్యూటర్ ఆఫీసులకు పోతూ, ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్ళను మా బస్సెక్కించేవారు. ఎక్కేటప్పుడు సార్ ఒక్కొక్కరినీ పేరడిగేవారు. "అంత తీరికెక్కడిది సార్?" అని నేను నవ్వేదాన్ని. బోడి తెలివి నాది!

నేను సొంతంగా మైకు పట్టిన మొదటిరోజు, ఎండ మండిపోతోంది. ఫిల్మ్‌నగర్‌లో ఒక హీరోగారి గేటు ముందు అందరినీ దించి ఫోటోలు తీయించాను. మళ్ళీ ఎక్కాక తలలు లెక్కపెట్టాను. ఇరవై రెండు. మహారాణిలా "రైట్!" అన్నాను. సార్ డ్రైవరు పక్కన కూర్చున్నారు.

షేక్‌పేట దగ్గర ఆయన అందరికీ మంచినీళ్ళు ఇస్తూ వెనక సీటు దాకా వెళ్ళి ఆగిపోయారు. మొహం మీద తువ్వాలు కప్పుకుని నిద్రపోతున్న మీసాలాయన్ని తట్టి లేపారు.

"ఎవరన్నా నువ్వు? పొద్దుగాల నిన్ను ఎక్కిచ్చుకోలే గదా?"

"ఇది షూటింగ్ బండి కాదా?" అన్నాడతను గాభరాగా. కృష్ణానగర్‌లో ఉండే జూనియర్ ఆర్టిస్టట. ఆగివున్న బస్సు తమదేననుకుని ఎక్కి పడుకున్నాడు.

నేను మళ్ళీ తలలు లెక్కపెట్టాను. "లెక్క సరిపోయింది సార్..."

"లెక్క సరిపోతే అయిపాయెనా? గీ సీట్ల కూసున్న సుబ్బాయమ్మ ఏది? ఏం రంగు చీర గట్టుకుందో చెప్పు!"

గుర్తు రాలేదు. పొద్దున ఆవిణ్ణి చెయ్యిపట్టి ఎక్కించింది నేనే. షుగరు మనిషి. చెవులు సరిగా వినపడవు. చేతిలో ఫోను కూడా లేదు.

సార్ బస్సు వెనక్కి తిప్పించారు. గోల్కొండ మూసేస్తారని జనం ఒకటే గొడవ. "జర ఓపిక పట్టుండ్రి. గోల్కొండ ఏడికి పోదు" అన్నారాయన. దారంతా ట్రాఫిక్. ప్రతి సిగ్నల్ దగ్గరా, దేవుడా, ఆవిడకేమన్నా అయితే నేను బతకలేను అనుకున్నాను.

గేటు ముందు ఎవరూ లేరు. సార్ అటు, నేను ఇటు పరుగెత్తాం. మలుపు తిరగ్గానే, గోడ నీడలో వాచ్‌మన్ స్టూలు మీద కనిపించింది. ఆకుపచ్చ చీర. ఒళ్ళో ఎవరో ఇచ్చిన బిస్కెట్లున్నాయి.

"భయపడ్డారా అమ్మా?" అని చెవి దగ్గర అరిచాను.

"భయం లేకేం తల్లీ! ఎటన్నా పోదామని రెండుసార్లు లేచాను కూడా. మళ్ళీ, పొద్దున ఆయన నా పేరడిగాడుగా, పేరడిగిన మనిషి వదిలేసి పోడులే అని కూర్చున్నా."

సార్ వచ్చి ఆవిణ్ణి చెయ్యిపట్టి బస్సెక్కించారు. నన్ను తిట్టినా బాగుండేది.

ఇవాళ కొత్తమ్మాయిని ఆపి, "కిటికీ పక్కనున్న పెద్దాయన పేరేంటి?" అన్నాను. తెలీదంది. గోల్కొండకు ఆలస్యమవుతుందని గొణిగింది.

"గోల్కొండ ఏడికి పోదు. పోయి అడుగు" అన్నాను. గుంటూరు దాన్ని. ఆ ఒక్క మాట మాత్రం నాకు సార్ యాసలోనే వస్తుంది.