బొజ్జన్నకొండకు అమ్మ పంపిన రాయి

యుద్ధం నడుస్తున్న రోజుల్లో ఒక కనుమనాడు అమ్మ నా జేబులో నల్లరాయి వేసింది. నడుం పడిపోయి ఆవిడ మంచం దిగలేని ఏడు అది. పుట్టిందీ పెరిగిందీ అనకాపల్లి పక్క తుమ్మపాలలో. "శంకరం బొజ్జన్నకొండకాడ రాకాసి బొజ్జ ఉంటాది. సిన్నప్పుడు ఏటా కనుమకి రాళ్లతో కొట్టేను. నా బదులు నువ్వు కొట్టేసి రా, ఈ పీడ పోతాది," అంది. బడిలో చరిత్ర చెప్పేవాణ్ణి, ఆ కొండ చూడాలని నాకూ ఉంది. సరేనన్నాను.

విజయనగరంలో తెల్లవారుజామున రైలెక్కి తొమ్మిదింటికి అనకాపల్లిలో దిగాను. శంకరం రెండు మైళ్లు; జట్కాకు రానూపోనూ పన్నెండణాలు. తోలే మస్తాన్ పెద్దవాడు. దారి పొడుగునా చెరకుతోటలు, కాగే బెల్లం వాసన. "ముందు మీదకెళ్లి గుహలు సూసీయండి మేస్టారూ. ఎండెక్కితే మెట్లు కాలిపోతాయి," అన్నాడు.

రాతిలో తొలిచిన గుహలో బుద్ధుడు, మనిషికంటే పెద్దవాడు, ధ్యానంలో కూర్చున్నాడు. ఆ చల్లదనంలో కాసేపు కూర్చున్నాను. పక్కకొండ మీద రాతిలోనే చెక్కిన గుండ్రటి స్తూపాలు, వరసలు వరసలుగా. కింద పచ్చటి పొలాలు.

దిగేసరికి కేకలు. ఆడా మగా ఒక గుండ్రటి రాతిదిబ్బ మీద రాళ్లు రువ్వుతున్నారు. పైన చూసిన స్తూపాల ఆకారమే అది. "రాకాసి కాదమ్మా, బుద్ధుడి స్తూపం," అని అరిచాను. ఒక ముసలమ్మ నవ్వి, "కొత్తోరు. ఈయనకీ ఓ రాయియ్యండే," అంది. కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. రాయి నా జేబులోనే ఉంది మరి.

"మీరు కొట్టరేటి?" అన్నాడు మస్తాన్.

"మా అమ్మ కొట్టమంది."

ఆయన జనం పలచబడేదాకా జట్కా ఆపి ఉంచాడు. అప్పుడు నేను దిబ్బ దగ్గరకెళ్లి తడిమాను. ఒళ్లంతా గుంటలే.

రాత్రి ఇంటికి చేరగానే, "తగిలిందా?" అంది అమ్మ. అబద్ధమాడితే ఆవిడకు ధైర్యంగా ఉండేది. ఆడలేకపోయాను. రాయి తిరిగి చేతిలో పెట్టి, గుంటల సంగతి తప్ప ఉన్నదంతా చెప్పాను. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

చదువు లేనివాళ్లని ఆ జనాన్ని మనసులో తిట్టుకుంటూ వచ్చాను. వాళ్లలో మా అమ్మ ఉంది. అది స్తూపమని ఆమెకు ఎవరూ చెప్పలేదు; కొడుకునై, చరిత్ర చెప్పేవాణ్ణై, నేనూ అడిగి తెలుసుకోలేదు. మీరు వెళ్తే కనుమ వదిలి మరోరోజు, పొద్దుటే వెళ్లండి. మంచినీళ్లు పట్టుకెళ్లండి, కొండమీద దొరకవు.

ఆ రాత్రి దీపం తగ్గించబోతుంటే అమ్మ అడిగింది: "నా గురి ఎప్పుడూ తప్పలేదురా. మచ్చలు పడ్డాయేటి?"

లేవన్నాను.