అధ్యక్షుడి కార్టూనులో వదిన చెయ్యి

మా ఆయన ముప్ఫై ఏళ్లు ఒకే పత్రికలో కార్టూన్లు గీశారు. నేను అక్కడే ప్రూఫులు దిద్దేదాన్ని. ఏడుగురు అధ్యక్షుల్ని ఏకిపారేసిన మనిషి, ఇంట్లోగానీ ఆఫీసులోగానీ గట్టిగా ఒక్క మాట అనడం నేను వినలేదు. నోరంతా దేవుడు నాకే ఇచ్చాడు.

ఆయనకో కిటుకు ఉండేది. ప్రతి కార్టూన్లోనూ అక్కర్లేని బొమ్మ ఒకటి, ఏ కుక్కనో చెత్తబుట్టనో, ఇరికించేవారు. మా ఎడిటరుగారికి ఏదో ఒకటి తీయించందే నిద్రపట్టదు. ఆ కుక్కను తీయించి ఆయన తృప్తిపడేవారు, అసలు బొమ్మ బతికిపోయేది.

మా వదిన, అంటే మా ఆయన అక్క, మాతోనే ఉండేది. బట్టలు కుట్టేది. నేను చెప్పబోయే రోజుకు రెండేళ్ల ముందు కొత్త కుక్కరు మూత ఎగిరిపడి కుడిచెయ్యి కాలింది, వేళ్లు ముడుచుకుపోయాయి. మూత సరిగ్గా పెట్టలేదని కంపెనీవాళ్లు చేతులు దులుపుకున్నారు. వదిన వినియోగదారుల రక్షణ కార్యాలయం చుట్టూ కాళ్లరిగేలా తిరిగింది. తీరా విచారణకు తేదీ వచ్చిన వారంలోనే, అదంతా దండగ ఖర్చని అధ్యక్షుడు ఆ కార్యాలయాన్నే మూసేయించాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ వార్త వచ్చిన ఉదయం వదిన మా ఆయన బల్ల దగ్గరికొచ్చి చెయ్యి చాపింది. ఇంట్లో మాకు కూడా కనబడకుండా దాచుకునే చెయ్యి అది.

"ఇక నా కాగితాలు చూసేవాళ్లు లేరుగా తమ్ముడూ. దీన్ని ఉన్నదున్నట్టు గియ్యి. జనమన్నా చూస్తారు."

"అలాగే అక్కా," అన్నారు.

గీశారు. తాళం పట్టుకుని కార్యాలయం తలుపు మూస్తున్న అధ్యక్షుడు, తలుపు సందులో కాగితాలు పట్టుకున్న వదిన చెయ్యి, ప్రతి మచ్చతో సహా. గీస్తూ కళ్లు తుడుచుకోవడం చూశాను. ఆ ధ్యాసలో పడి కుక్కను మరిచిపోయారు.

ఆఫీసులో ఎడిటరుగారు బొమ్మంతా వెతికారు. తీయించడానికి ఏమీ దొరకలేదు. ఆయన వేలు చివరికి ఆ చెయ్యి మీద ఆగింది.

"ఈ మచ్చలెందుకండీ? పొద్దున్నే జనం కాఫీ తాగుతూ చూసే పేజీ. మామూలు చెయ్యి పెట్టండి, భావం ఎక్కడికీ పోదు."

"సార్, అది..." అన్నారు మా ఆయన.

నేను ప్రూఫులు పక్కన పడేసి లేచాను. "అది మా వదిన చెయ్యండీ," అన్నాను.

"తెలుసమ్మా, అందుకే చెబుతున్నా. సొంత గొడవ పత్రికకెక్కించారంటారు."

మా ఆయన తెల్లరంగు సీసా తెరిచారు. ఒక్కో మచ్చనూ కప్పేశారు. ముడుచుకున్న వేళ్లను చెరిపి చక్కని వేళ్లు గీశారు. ఆయన మీద నాకు అంత కోపమూ అంత జాలీ వచ్చిన రోజు మరొకటి లేదు.

మర్నాడు పత్రికను దాచేద్దామని పెందలాడే లేచాను. అప్పటికే అది వదిన ఒళ్లో ఉంది. పక్కనే మా ఆయన తల వంచుకుని నిలబడ్డారు. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఎడమచేతి వేలితో బొమ్మలోని వేళ్లను ఒక్కొక్కటే తడిమింది.

"ఎంత బాగా గుర్తుపెట్టుకున్నావురా," అంది. "నా చెయ్యి అచ్చం ఇలాగే ఉండేది."