తువ్వాలు కింద దాచని మాట

పోయిన మంగళవారం మా బావగారు కన్నుమూశారు. మామిడి సీజను వస్తోందని కొట్లో కొత్త గడ్డి పరిపిస్తూ, గుండె పట్టుకుని కూర్చున్న మనిషి మళ్ళీ లేవలేదు. ఆయన గురించి చెప్పడానికి నాకంటే మాటకారులున్నారు. కానీ ఆయన కొట్లో రోజూ పద్దులు రాసే బావమరిదిని, చూసింది చెబుతాను.

మా నూజివీడులో మామిడి బేరం తువ్వాలు కింద జరుగుతుంది. గుడ్డ చాటున వేళ్ళు పట్టుకుని ధర తేల్చుకుంటారు, పక్కవాడికి తెలియదు. బావగారు అందులో దిట్ట. "ధర దాచాలోయ్, మనిషిని దాచకూడదు" అనేవారు.

అక్కకు పిల్లలు లేరు. ఆ ఇంట ఏటా మొదటి గంప కాయ పిల్లల తల్లి ఒళ్ళో పోస్తారు. ఆ పూట అక్క వంటింట్లోనే ఉండేది. పరీక్షలన్నీ ఆమెకే చేయించారు. అక్క అత్తగారు కొడుక్కి మళ్ళీ పెళ్ళి చేయాలని మైలవరంలో మరో పిల్లను కూడా చూశారు.

అప్పుడు బావగారు నన్ను తోడు తీసుకుని మద్రాసు వెళ్ళారు. వీర్యంలో కణాలు లేవన్నారు. వృషణానికి చిన్న కోత పెట్టి, ముక్క తీసి చూశారు. లోపల కణాలు తయారవుతున్నాయి, బయటికొచ్చే దారే మూసుకుపోయింది. దారి కలపడానికి ఆపరేషనూ చేశారు, ఫలించలేదు. "లోపలినుంచే కణాలు తీసి బిడ్డను కలిగించే ప్రయత్నాలు పైదేశాల్లో ఇప్పుడిప్పుడే మొదలయ్యాయి. మనదాకా రావాలి" అన్నారు డాక్టరుగారు. తిరుగు రైల్లో నొప్పికి కూర్చోలేక నిలబడే వచ్చారు బావగారు.

ఆ ఏడు మొదటి గంప దగ్గర, బంధువులందరి ముందు, అత్తగారు మళ్ళీ మైలవరం మాట ఎత్తారు.

"బోరులో నీళ్ళున్నాయమ్మా, పైపే మూసుకుపోయింది. ఆ బోరు నాది. ఇంకో పిల్లని తెస్తే ఆవిడా ఇలాగే వంటింట్లో కూర్చోవాలి" అన్నారు బావగారు.

"ఛీ, మగాడివి, నలుగురిలో అంటావేంట్రా!" అంది ఆయన పిన్ని.

"దాన్ని గొడ్రాలని అన్నది నలుగురిలోనే కదా పిన్నీ."

వంటింట్లోంచి అక్కను పిలిచి, గంప తనే ఎత్తి ఆమె ఒళ్ళో పోశారు. తర్వాత ఏటా అంతే.

ఆయన లేకుండా నిన్న మొదటి గంప వచ్చింది. అక్క లేచి వంటింటి వైపు నడిచింది. ఎవరూ ఆపలేదు. ఇంతలో అత్తగారు గంప పట్టుకుని, "ఎక్కడికే? వాడు చూస్తే నన్ను బతకనిస్తాడా? ఇలా కూర్చో" అన్నారు.

అక్క కూర్చుంది. చిలక్కొయ్యకున్న ఆయన తువ్వాలు తీసుకుని ఒళ్ళో పరుచుకుంది. ముసలావిడ గంప మెల్లగా వంచుతుంటే, కాయలు ఒక్కొక్కటే అందులో పడ్డాయి.