కొలత తీశాకే సూది

ఆ ఉదయం ఎదురు మిద్దె మీద ఎవరో చొక్కాను తలకిందులుగా ఆరేశారు. రెండు చేతులూ కిందికి వేలాడుతున్నాయి. గాలి లేదు. అయినా ఎడమ చేయి ఒక్కటే కొంచెంగా కదులుతోంది. ఎందుకా అని కిటికీ దగ్గర నిలబడి చూస్తుండగా అమ్మ ఫోను చేసింది.

"మీ అత్త పొయ్యింది పాపా. కాఫీ ఇచ్చేదానికి పోయి పిలిస్తే పలకలా."

నేను తిరుపతిలో ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేస్తాను. సెలవు చెప్పి చిత్తూరు బస్సెక్కి పూతలపట్టులో దిగాను. దారిలో ఏడుపు రాలేదు. వేళ్లు మాత్రం చల్లబడిపోయాయి, ఆ ఎండలో.

అత్త అంటే మా నాయన చెల్లెలు. నర్సు. ఐర్లండులో సముద్రం పక్కన ఒక చిన్న ఊళ్లో, ముసలివాళ్లుండే ఆసుపత్రిలో, చాలా ఏళ్లు పనిచేసింది. పెళ్లి చేసుకోలేదు. గుండె జబ్బు ముదిరాక పోయిన ఏడాది ఇంటికి తిరిగొచ్చింది. ఇది చదివేవాళ్లలో ఆమెను ఎరిగినవారు బహుశా ఉండరు. ఆమె గురించి చెప్పుకోదగ్గ పెద్ద సంగతులు కూడా నా దగ్గర లేవు. ఆమె అల్లేది. రెండు సూదులతో, ఊలుతో, తీరిక దొరికినప్పుడల్లా అల్లేది.

అల్లినవన్నీ పూతలపట్టుకు పంపేది. మా ఊరి ఎండ తెలిసినవాళ్లకు నవ్వొస్తుంది. నాయన బంగారుపాళ్యంలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో, సరుకు నిలవ చేసే చల్లగదుల దగ్గర సూపర్‌వైజరు. అత్త పంపిన స్వెట్టరు ఆ గదుల్లోకి వెళ్లేటప్పుడు వేసుకునేవాడు. "మా చెల్లెలి లెక్కలో నేను ఫ్రిజ్జిలో కాపరం ఉండానప్పా," అనేవాడు తోటివాళ్లతో. ఒక ఏడాది ఆయనకు గ్లౌజులు వచ్చాయి. రెండూ కుడిచేతివే. ఫోను చేసి చెబితే అత్త, "ఎడం చెయ్యి జేబీలో పెట్టుకోమను," అంది.

అవ్వకు బూడిదరంగు శాలువా వచ్చింది. అవ్వ దాన్ని ఒక్కరోజూ కప్పుకోలేదు. చలికాలంలో ఇడ్లీ పిండి పులవదని గిన్నెకు చుట్టేది. సెలవులకు వచ్చిన అత్త అది చూసి కోప్పడలేదు. "పోనీలేమ్మా, పిండన్నా వెచ్చగా ఉండాది," అంది.

ఆమె వచ్చిందంటే పెట్టె తెరవకముందే కొలిచే టేపు బయటికి వచ్చేది. భుజం, ఛాతీ, చేయి, మెడ చుట్టూ. నిరుడు తీశావు కదా అంటే, "నిరుటి మనిషివి కాదు కదమ్మే," అనేది. మనిషిని కొలవకుండా ఎవరికీ ఏదీ అల్లేది కాదు. ఫోనులో చెబితే నమ్మేది కాదు. టేపు ఒంటికి చుట్టుకుని వీడియోలో చూపించాలి. మా ఇంట్లో దాన్ని చాదస్తం అనుకునేవాళ్లం.

చదువు కోసం నేనూ ఆ దేశం వెళ్లి ఆమె దగ్గర ఒక ఏడాది ఉన్నాను. ఇద్దరమూ ఎక్కువ మాట్లాడేవాళ్లం కాదు. ఆమె కిటికీ పక్కన కూర్చుని అల్లేది, నేను రెండో కుర్చీలో చదువుకునేదాన్ని. సముద్రపు గాలికి కిటికీ అద్దం రోజంతా గణగణమనేది.

దీపం పెట్టాక సూది పట్టకూడదని అవ్వ నేర్పిన మాట. అక్కడ చలికాలంలో మధ్యాహ్నం కాఫీ చల్లారేలోపే చీకటి పడుతుంది. ఆ లెక్కన సగం ఏడాది సూది ముట్టకూడదు. అత్త దానికి ఒక సందు కనిపెట్టింది. దేవుడి దగ్గర దీపం పడుకోబోయే ముందు పెట్టేది. "దీపం ఇంగా పెట్టలా కదా. ఇది ట్యూబులైటు," అనేది, నవ్వకుండా.

కుట్లు లెక్కపెట్టేటప్పుడు, కల్లంలో వడ్లు కొలిచేవాళ్లలాగా మొదటిదాన్ని "ఒకటి" అనేది కాదు, "లాభం" అనేది. లాభం, రెండు, మూడు. మనసు మరెక్కడో ఉన్న రోజున లాభం తర్వాత మళ్లీ ఒకటి అనేది. అప్పుడు సూది మీద ఒక కుట్టు ఎక్కువ పడేది. అల్లిక చంకల దాకా వచ్చాక గానీ అది బయటపడేది కాదు. అల్లికను వెలుతురుకేసి పట్టి, "ఎవురిది మే ఈ ఎక్కువది?" అనేది.

"విప్పేసి మళ్లీ అల్లరాదా అత్తా?"

"వద్దులే. వచ్చినదాన్ని పొమ్మనకూడదు."

సరదాగా అంటోందనుకున్నాను. ఆమె వేలు ఆ కుట్టు మీదే చాలాసేపు ఉండేది.

ఒక ఆదివారం పొద్దున ఆసుపత్రి యూనిఫారాలను మరిగే నీళ్ల వేడి పెట్టి మిషనులో వేసింది. వాటిలో నాయన కోసం అల్లిన స్వెట్టరు కలిసిపోయింది. నెలల తరబడి అల్లిన గోధుమరంగు స్వెట్టరు అది. అంచు కూడా ముగించి, కుర్చీ మీద పెట్టుకుంది. ఊలు వేడినీళ్లలో ముడుచుకుపోతుందని ఆమెకు తెలియనిది కాదు. మిషను ఆగాక యూనిఫారాలు ఒక్కొక్కటే తీస్తూ, తీస్తూ, ఆగిపోయింది. చేతిలో చిన్నపిల్లాడికి పట్టేంత స్వెట్టరు ఉంది. గట్టిగా, దళసరిగా, రెండు పొట్టి చేతులతో.

నేను నవ్వాను. అత్త అలాగే వంటింటి నేల మీద కూర్చుంది.

"ఇది నేను అల్లలా," అంది. "నేను ఇంతది అల్లలేదమ్మే."

టీ పెట్టి ఇచ్చాను. తాగలేదు. చాలాసేపటికి, ఆ స్వెట్టరు కేసి చూస్తూనే చెప్పింది.

"మీ అమ్మకు ఏడో నెల అప్పుడు. నేను చిత్తూర్లో నర్సు ట్రైనింగులో ఉండాను. అల్లేది కొత్తగా నేర్చుకునింటి. చేతికి ఏం దొరికినా అల్లేదాన్ని. పసుపుపచ్చ ఊలు కొనుక్కోనొచ్చి ఇంత స్వెట్టరు అల్లినా. బిడ్డ పుట్టకముందే కొత్తగుడ్డ ఇంట్లోకి తేకూడదని నాకు తెలీకనా? ఇది ఊలు కదా, గుడ్డ కాదు కదా అనుకునినా."

స్వెట్టరు పొట్టి చేతిని వేళ్లతో సాగదీసి చూసింది.

"మగబిడ్డ. కాన్పు గదిలో నేనే చేతుల్లోకి తీసుకున్నా. ఏడవలా. కాళ్లు పట్టుకుని తట్టినా, వీపు రుద్దినా. ఏడవలా మే."

ఇంటికి వచ్చాక అవ్వ ఆ పసుపు స్వెట్టరును పెట్టెలో చూసింది. అవ్వ తిట్టలేదట. ఒక్క మాట అడిగిందట: "పుట్టని బిడ్డకు కొలత ఎవురిచ్చిరే నీకు?"

ఆ స్వెట్టరు ఏమైందో అత్త ఎప్పుడూ అడగలేదు. అవ్వకు ఆ మాట అన్నట్టు కూడా గుర్తు లేదు. ఆ తర్వాత బతికినన్నాళ్లూ, ఫోను చేసినప్పుడల్లా శాలువాలూ మఫ్లర్లూ అడుగుతూనే ఉంది. అన్నవాళ్లకు మాట గాలిలో పోతుంది. విన్నవాళ్లకు ఎక్కడికి పోతుందో నేను ఆ వంటింట్లో చూశాను.

ముడుచుకుపోయిన స్వెట్టరును అత్త పారేయలేకపోయింది. తడి ఆరేదాకా కొక్కేనికి తగిలించింది. ఆ రెండు రోజులూ నేను ఆ వైపు చూడకుండా తిరిగాను. చూస్తే దానిలో ఎవరో ఉన్నట్టే ఉండేది.

అదే నెలలో ఆమె వార్డులో ఒక మలయాళీ నర్సు నెలలు నిండి సెలవు మీద వెళ్లబోతోంది. తోటివాళ్లంతా తలా ఒక చదరపు ముక్క అల్లి, అన్నీ కలిపి పుట్టబోయే బిడ్డకు దుప్పటి చేద్దామన్నారు. అక్కడ అది ముచ్చట. అందరికంటే బాగా అల్లేది అత్తే. కాదనలేకపోయింది. స్వెట్టరు చూసిన దగ్గర్నుంచి ఆమెకు ఆ నర్సు గురించే భయం. రోజూ ఏదో ఒక సాకుతో ఫోను చేసి, "బిడ్డ కదల్తా ఉండాదా?" అని తనకు వచ్చిన ఇంగ్లీషులో అడిగేది.

ముక్కయితే అల్లింది. ఆఖరి వరస మాత్రం ముగించలేదు. కుట్లన్నీ తెరిచే ఉంచి, పెద్ద పిన్నీసుకు ఎక్కించి అలాగే ఇచ్చేసింది. ఇదీ ఆమె కనిపెట్టిన సందే. ముగించలేదు కాబట్టి అది ఇంకా గుడ్డ కాదు.

"ఇది పూర్తి కాలేదే," అన్నారు తోటి నర్సులు.

"పుట్టినాక పూర్తి చేస్తా," అంది అత్త.

దుప్పటి విప్పి చూపించే రోజున నేనూ వెళ్లాను. అందరూ చప్పట్లు కొడుతుండగా ఎవరి ఉంగరమో తగిలి పిన్నీసు ఊడింది. కుట్లు ఒకదాని వెంట ఒకటి జారిపోయాయి. అంతా నవ్వారు. అత్త ముఖంలో రంగు పోయింది. మలయాళీ నర్సు లేచి వచ్చి, పెద్ద కడుపుతోనే అత్తను పట్టుకుని, "ఏం కాలేదు చేచీ, ఏం కాలేదు," అంది. వాళ్ల భాషలో అక్కను అలా పిలుస్తారు. అత్త జారిన కుట్లన్నీ అక్కడే నిలబడి తిరిగి పిన్నీసుకు ఎక్కించింది. లెక్క "లాభం"తోనే మొదలుపెట్టింది. ఆ రోజు మాత్రం తప్పలేదు.

బిడ్డ పుట్టిందని కబురు రాగానే బస్సెక్కి వెళ్లాం. అత్త సంచిలో సూదులు, టేపు. ఆడబిడ్డ. నిద్రపోతోంది. అత్త తల్లిని అడిగి, బిడ్డ ఛాతీ చుట్టూ టేపు మెల్లగా జరిపింది. చల్లటి టేపు తగలగానే బిడ్డ ఉలిక్కిపడి గుక్కపట్టింది. నేను కంగారుపడ్డాను. అత్త మాత్రం వంగి, తెలుగులో, "ఏడువు తల్లీ. ఏడువు. ఇంగా గట్టిగా," అంది. బిడ్డ ఏడుస్తున్నంతసేపూ పక్కనే కూర్చుని, పిన్నీసు తీసి ఆఖరి వరస ముగించింది. దారం కత్తిరించాక కూడా ఆమె వేళ్లు కదులుతూనే ఉన్నాయి.

ఇంటికి తిరిగొచ్చిన ఏడాదిలో ఆమె ఏమీ అల్లలేదు. శనివారం సాయంత్రాలు నేను తిరుపతి నుంచి వెళ్లేదాన్ని. మంచం మీద కళ్లు మూసుకుని పడుకుని ఉండేది. దుప్పటి మీద వేళ్లు మాత్రం ముందుకూ వెనక్కూ ఆడేవి.

"ఏమల్లతా ఉండావత్తా?"

"ఏమీ లేదు. కొలత లేదు కదా," అనేది కళ్లు తెరవకుండా.

ఎవరి కొలత అని నేను అడగలేదు.

పోయిన రోజున గుంత తవ్వే ఆయన వచ్చి, పురికొసతో ఆమె పొడవు కొలిచి, ఒక ముడి వేసి పట్టుకెళ్లాడు. ఆమెను ఎవరైనా కొలవగా నేను చూడటం అదే మొదటిసారి.

అంతా అయ్యాక ఇల్లు కడిగాం. వచ్చినవాళ్లు వెళ్లిపోయారు. నాయన వసారాలో ఎవరితోనో అంటున్నాడు: "జీతం కోసరమని అంత దూరం పొయ్యి, ఒంటరిగా బతికిందబ్బా మా చెల్లెలు." చిన్నప్పటి నుంచీ ఇంట్లో విన్న మాటే అది. నేను అమ్మ పక్కన తడి నేల మీద కూర్చున్నాను. అమ్మ తల అడ్డంగా ఊపింది.

"జీతం కోసరం కాదు మే," అంది, నాయనకు వినపడకుండా. "ఆ ఉద్యోగం ట్రైనింగు అయిపోతానే వచ్చింది. పోను పోనని కూసోనుండె. బిడ్డ పోయిన మరుసటేడు నాకు మళ్లీ నెల తప్పింది. అందరికంటే ముందు దానికే సెప్పినా, సంతోషపడతాదని. నా కడుపు కేసి సూసి, గోడకు ఆనుకునింది. ఆ రోజే పోతానని ఒప్పేసుకునింది. నువ్వేం చేసినావే, బిడ్డ పోయేది నీ వల్లనా, ఉండు అని ఎంత బతిమాలినానో. వినలా. 'నేనీడుంటే నా చేతులు ఊరుకోవు వదినా. అల్లేస్తాను. నన్ను పోనీ' అని ఏడ్చింది. నా కాన్పుకు ముందే పొయ్యింది."

అమ్మ చెంగుతో ముఖం తుడుచుకుంది.

ఆ కాన్పులో పుట్టింది నేను.