ఎర్ర పీలిక కట్టని మనిషి

బోధన్‌లో మా డాక్టరు గారి దవాఖానా ఉన్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం వచ్చింది. ఆ ముందు నుంచి పోతే నాకు ఇప్పటికీ స్పిరిట్ వాసనే వస్తుంది. నీ ముక్కు డాక్టరుకు చూపించుకోమంటుంది మా ఆవిడ. ఎవరికి చూపించుకోను? చూసే మనిషి పోయి రెండేళ్లయింది.

ఆయన డాక్టరు కాకముందు సిపాయి. కొండల్లో జరిగిన పోరులో ఎడమ కాలికి బాంబు ముక్కలు దిగి, కుంటుతూ ఇంటికొచ్చాడు. ఆ తర్వాత తనకంటే చాలా చిన్న పిల్లల పక్కన కూర్చుని డాక్టరీ చదివాడు. నేనేమో ఆరో తరగతితోనే బడికి సలాం కొట్టినవాణ్ణి. "నువ్వు ఇడిసిపెట్టిన సదువంత నేనే సదివిన తమ్మీ, నీకు రెస్టు," అనేవాడు.

నన్ను పనిలో పెట్టుకున్నది చదువు చూసి కాదు, నోరు చూసి. షుగర్ ఫ్యాక్టరీ కూత ఊరంతా వినిపించే రోజులవి. చెరుకు కొట్టే కాలం వస్తే బెంచీల నిండా జనం, గోడ వారన జనం. వాళ్ల వంతు వచ్చేదాకా నవ్విస్తూ కూర్చోబెట్టడమే నా నౌకరీ.

మా దగ్గర ముందొచ్చినవాళ్లను ముందు చూడడం అనేది లేదు. డాక్టరు గారు వరస పొడుగునా నడిచి, ఆగలేనివాళ్ల మణికట్టుకు ఎర్రమందులో ముంచిన గుడ్డ పీలిక కట్టేవాడు. పీలిక ఉన్నవాళ్లు ముందు లోపలికి. అది ఆయన పటాలంలో నేర్చుకున్న పద్ధతి. మా జనం దాన్ని తాయత్తు చేసేశారు. జ్వరం తగ్గినా విప్పరు. వర్ని నుంచి వచ్చే ఒక అవ్వయితే పాత పీలికతోనే దర్జాగా తలుపు దగ్గర నిలబడేది.

"అవ్వా, గిది పోయినేడుది గదా!"

"పోయినేడు పని జేసింది, గియ్యేడు జెయ్యదా? జరుగు!"

కందకుర్తి రైతొకాయన ఇంటికి పోయి దాన్ని బర్రె కొమ్ముకు కట్టాడట. పాలు పెరిగాయని ఇంకొకటి అడగడానికి వచ్చాడు. డాక్టరు గారు పడీపడీ నవ్వి, ఇచ్చి పంపాడు.

ఒక చలికాలం పొద్దున ఆయన లోపల కత్తికి తెగిన చేతికి కుట్లు వేస్తూ, పీలికల కట్ట నా చేతిలో పెట్టాడు. "ఇయ్యాల నువ్వే సూసి కట్టు."

నేను కాలరు సర్దుకుని బయల్దేరాను. కడుపు పట్టుకుని అరుస్తున్నవాడికి కట్టాను. పన్ను నొప్పితో శోకాలు పెడుతున్నామెకూ కట్టాను. గోడ దగ్గర, మహారాష్ట్ర నుంచి చెరుకు కొట్టడానికి వచ్చిన ఒకాయన భార్య భుజం మీద తల వాల్చి కూర్చున్నాడు. రెప్పలు సగం మూతపడి ఉన్నాయి. అరుపు లేదు, మూలుగు లేదు.

"ఏందే మామా, పొద్దుగాలనే ఏసినవా?" అన్నాను. బెంచీలన్నీ నవ్వాయి.

"నాహీ భావూ, దారూ నాహీ," తాగలేదు తమ్ముడూ అని మరాఠీలో అందామె, తల దించుకుని.

"అందరు గట్లనే అంటరు వహినీ," అని ముందుకు నడిచాను.

కుట్లు ముగించి బయటికొచ్చిన డాక్టరు గారు, నేను పీలిక కట్టినవాళ్లలో ఎవరి వైపూ చూడలేదు. తిన్నగా గోడ దగ్గరికి పోయి అతని రెప్ప ఎత్తాడు. "రాత్రి యాడ పన్నరు?" అని అడిగాడు. చెరుకు తోట పక్కన గుడిసెలో, నేల మీద అని ఆమె చేతులతో చూపించింది. వెతికితే చీలమండ దగ్గర రెండు చిన్న చుక్కలు. కట్లపాము. అది కరిస్తే నొప్పి అంతగా తెలియదు. ముందు రెప్పలు వాలిపోతాయి, తర్వాత ఊపిరి ఆగుతుంది.

ఆయన నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. విషానికి విరుగుడు మందు ఎక్కించి, జీపు పిలిపించాడు. ఊపిరి మిషను నిజామాబాద్ పెద్ద దవాఖానాలోనే ఉంది. ఊరు దాటేసరికి అతనికి శ్వాస ఆగిపోయింది. డాక్టరు గారు అతని ముఖానికి తొడుగు నొక్కిపట్టి, దానికి తగిలించిన రబ్బరు సంచి నా చేతికిచ్చాడు.

"పిసుకు. ఆపినవంటె పోతడు."

దారి పొడుగునా చెరుకు ట్రాక్టర్లు. డ్రైవరు హారను మీద నుంచి చెయ్యి తీయడం లేదు. నేను పిసుకుతూనే ఏడ్చాను. "ఆయన అరువలే సార్... అరిస్తె నేను సూస్తుంటి..."

"ఆడ లడాయిల నేను అరిసిన," అన్నాడాయన. "కాలు పోయిందని కొండలు అదిరేటట్టు అరిసిన. నన్నే ముందుగాల మోసుకపోయిండ్రు. నా పక్కనోడు నాకేం గాలేదని బీడీ ముట్టిచ్చుకున్నడు. వాని కోసం మళ్ల పోయేసరికి పానం లేదు." తొడుగు ఇంకా గట్టిగా నొక్కి, "గందుకే సదివిన. నువ్వు చెయ్యి ఆపకు," అన్నాడు.

నిజామాబాద్ చేరి మిషను తగిలించాక చూసుకుంటే నా వేళ్లు చాపుదామన్నా చాపరాలేదు. రెండు రాత్రులు నేను ఇంటికి పోలేదు, అతని భార్యతో పాటు అక్కడే ఉన్నాను. మూడో రోజు పొద్దున అతని రెప్ప గోరంత లేచింది. వరండాలోకి ఉరికాను.

"సార్, కన్ను తెరిసిండు!"

"జోకులేస్తె తంత."

"నా పిల్లల మీద ఒట్టు సార్!"

ఆయన లోపలికి పోయి, చాలాసేపటికి వచ్చాడు. గోడకు ఆనుకుని, కుంటి కాలు చాపి నేల మీదనే కూలబడ్డాడు. ఆయన అట్లా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. ఆ కూర్చోవడంతోనే అతని భార్యకు గండం గడిచిందని తెలిసిపోయింది. కళ్లు తుడుచుకుని, మూట విప్పి, జొన్నరొట్టె ఆయనకు సగం, నాకు సగం ఇచ్చింది. నా వేళ్లు ఇంకా పట్టేసే ఉన్నాయి. అది చూసి, నా సగాన్ని తనే ముక్కలుగా తుంచి అరచేతిలో పెట్టింది.

"ఖా, భావూ."

అరచెయ్యే నోటి దగ్గరికి తెచ్చుకుని తిన్నాను.