పదకొండు గంటల గొంతు

మూడేళ్ల కిందటి ఎండాకాలం. పత్తికొండ వైపు పల్లెల్లో, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెప్పే టీచరుగా నాకు అప్పటికి పదేళ్లు దాటాయి. బడికి రాలేని పిల్లల ఇళ్లకు మేమే వెళ్తాం. దాన్ని హోమ్ విజిట్ అంటాం. బుధవారం పావని వాళ్ల ఇల్లు.

పావనికి పదిహేనేళ్లు. ఆటిజం ఉన్న పిల్ల. సొంతంగా మాట్లాడేది రెండు మూడు మాటలే. ఆపరేషన్ చేయించుకుని నేను ఐదు నెలలు సెలవులో ఉన్నప్పుడు వాళ్లమ్మ సరోజ గుండెపోటుతో పోయిందనీ, రెండు నెలలకే తండ్రి వెంకటేశులు మళ్లీ పెళ్లి చేసుకున్నాడనీ ఫోనులో విన్నాను.

సెలవయ్యాక మొదటిసారి వెళ్లినప్పుడు, మండే ఎండలో కొత్త భార్య లక్ష్మి వీధి అరుగు మీద ముడుచుకుని కూర్చుని ఉంది.

"ఎండలో ఎందుకమ్మా? లోపలికి పోదాం పా."

"ఇప్పుడు వద్దు మేడమ్. అక్క వచ్చే యాళయింది."

ఏ అక్క అని అడిగేలోపే ఊరి మలుపులో పదకొండు గంటల బస్సు హారన్ కొట్టింది. లోపలి నుంచి ఒక ఆడగొంతు వినిపించింది.

"పావనీ, నీళ్లు తేమ్మా." ఆ వెంటనే చిన్న దగ్గు. "ఆ చెంబు గాదు, చిన్నది."

అది సరోజ గొంతు. రెండేళ్లపాటు ప్రతి బుధవారం నాకు టీ ఇస్తూ మాట్లాడిన గొంతు. "తేమ్మా" దగ్గర ఆ సాగదీత, ఆ దగ్గు, అన్నీ ఆమెవే. గడప దగ్గరికి వెళ్లి చూస్తే పావని ఒక్కతే గోడవైపు తిరిగి నేల మీద కూర్చుని ఉంది. కళ్లు ఆర్పడం లేదు. పెదవులు మాత్రం కదులుతున్నాయి.

మా చదువులో దీనికి ఎకొలేలియా అని పేరు. విన్న మాటను విన్నట్టే తిరిగి పలకడం. కొందరు పిల్లలు నెలల కిందట విన్నది కూడా అదే గొంతుతో, అదే విరుపుతో పలుకుతారు. పావని అంతకుముందు బస్సు కండక్టరు కేకలు పలికేది, అందరం నవ్వేవాళ్లం. ఇంత తెలిసీ ఆ రోజు నా కాళ్లు గడప దగ్గరే ఆగిపోయాయి.

పావని అవ్వ, అంటే వెంకటేశులు తల్లి, నన్ను పక్కకు పిలిచింది. "గాలి సోకిండాది మేడమ్. కొండ కింద ఒకాయన ఉండాడు. అమాసకు తీసకపోతాండాము. మూడు దినాలు గొలుసేసి పెడితే ఇడ్సిపోతాదంట."

ఒంటికి బిగుతుగా ఉన్న రైక తగిలినా తల గోడకేసి కొట్టుకునే పిల్ల పావని. గొలుసు మాట వినగానే నేరుగా వెంకటేశులు దగ్గరికి వెళ్లాను. ఇది దయ్యం కాదని చెప్పి చూశాను.

"మీరు పుస్తకాల్లో మాట చెప్తాండారు మేడమ్. దినామూ సచ్చిపోయినామె గొంతు ఇనేది మేము. లక్ష్మి పుట్టింటికి పోతానంటాండాది. నేనేం జేయాల?"

"అమాసకు ఇంకా వారం ఉంది. నాలుగు రోజులు నాకియ్యప్పా."

నాలుగు రోజులూ పదకొండుకు ముందే వెళ్లి కూర్చుని, వచ్చిన ప్రతి మాటా రాసుకున్నాను. రోజూ బస్సు హారన్, ఆ వెంటనే గొంతు. మాటలూ మారలేదు, వాటి వరసా మారలేదు. మొదట నీళ్లు. తర్వాత, "రొమ్ములో పట్టేసినట్లుండాదే." కాసేపు ఎగశ్వాస. ఆ పిల్ల ఛాతీ కూడా అలాగే ఎగిరిపడేది. చివరికి సన్నగా, "ఏం లేదులే, భయపడొద్దు. ఈడనే కూకో. నేను లేచేదాకా యాడికీ పోవద్దు." ఆ తర్వాత నిశ్శబ్దం. మధ్యాహ్నం రెండయ్యేదాకా పావని కదిలేది కాదు.

నాలుగో రోజు ఆ కాగితం వెంకటేశులుకు చదివి వినిపించాను. మధ్యలోనే గోడకు ఆనుకుని కూలబడ్డాడు.

"ఆ పొద్దు నేనూ మాయమ్మా టమోటా ఏసుకొని మార్కెట్టుకు పోయింటిమి. రెండుకు వచ్చి సూస్తే సరోజ మంచం మీద సచ్చిపోయి ఉండాది. ఇది పక్కన చెంబు పట్టుకొని కూకోనుండాది. దీనికేం తెల్సులే అనుకుంటిమి."

"పిల్లకు ఏం చెప్పినారు?"

దినాలయ్యేదాకా పావనిని డోన్‌లో చిన్నమ్మ ఇంట్లో ఉంచారట. తిరిగొచ్చాక, "అమ్మ ఊరికి పోయిండాది, వస్తాది" అన్నారట. వచ్చింది మాత్రం లక్ష్మి. పావని తల్లి చివరి మాట తప్పలేదు. ఆ రోజులాగే పదకొండు హారన్ నుంచి వీళ్లు వచ్చిన రెండు దాకా, ఆమె లేస్తుందని రోజూ కాపలా కూర్చుంది, అంతే.

ఆ సాయంత్రం సోషల్ స్టోరీ గీశాను. జరిగినదాన్ని చిన్న చిన్న బొమ్మలతో, దాపరికం లేకుండా చెప్పే పద్ధతి అది. అమ్మ పడుకుంది. ఊపిరి ఆగింది. మట్టిలో పెట్టారు. అమ్మ లేవదు. "పసిదానికి అట్లా చెప్తారా" అని అవ్వ ఏడ్చింది. వెంకటేశులు మాత్రం మర్నాడు పొద్దున్నే కూతుర్ని చేనిగట్టున ఉన్న సమాధి దగ్గరికి తీసుకొచ్చాడు. లక్ష్మి, నేను వెనకే నిలబడ్డాం.

"అమ్మ ఈడ ఉండాది తల్లీ. సచ్చిపోయింది. లేయదు. నువ్వు తప్పేం జేయలేదు."

పావని బోర్లా పడుకుని మట్టికి చెవి ఆనించింది. తను వింటున్నంతసేపూ మాలో ఎవరం కదలలేదు. నిజం చెప్పాలంటే, కింద నుంచి ఏదైనా వినిపిస్తుందేమోనని నేను కూడా చెవి రిక్కించాను. తర్వాత పావని లేచి, ఎవరి గొంతూ కాని తన మొద్దు గొంతుతో, "అమ్మ లేయదు" అంది.

గొంతు అంతటితో ఆగిందని రాస్తే అబద్ధం. మర్నాడూ పదకొండుకు వచ్చింది. కానీ ఆ రోజు లక్ష్మి అరుగు మీద లేదు. చిన్న చెంబు పట్టుకుని పావని ఎదురుగా కూర్చుంది. "నీళ్లు తెచ్చినా అక్కా" అంది ఆ గొంతుతోనే మాట్లాడుతున్నట్టు. మా ట్రైనింగులో ఇలాంటిది ఎక్కడా లేదు. పావని చెంబు వైపు చూసింది, తాగింది. తక్కిన మాటలు రాలేదు. లేచి పెరట్లోకి వెళ్లిపోయింది.

అమావాస్య దాటిపోయింది. కొండ కిందికి ఎవరూ పోలేదు. గొంతు రోజు విడిచి రోజుకు, తర్వాత వారానికోసారికి తగ్గింది. వానలు మొదలయ్యాక ఒక బుధవారం వెంకటేశులు నన్ను బస్సెక్కించడానికి వచ్చి, తల వంచుకుని అడిగాడు. "అది పూరా నిలిచిపోతాదా మేడమ్? సరోజ మాట మాకాడ ఇంకేం లేదు. ఫోన్లో గూడా లేదు."

మాట్లాడని పిల్లలకు ఏమీ తెలియదని మనం ఎంత సులువుగా అనేసుకుంటామో ఆ ఇంట్లో నేర్చుకున్నాను. చావు జరిగిన ఇంటికి వెళ్తే, పిల్ల ఏం చేస్తోందని ఇప్పుడు నేను ముందుగా అడగను. ఆ పిల్లకు ఎవరు, ఏ మాటల్లో, ఏం చెప్పారని అడుగుతాను. చాలా ఇళ్లలో ఆ ప్రశ్నకు పెద్దవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు.